శ్రీయుత సీరియల్ పోర్టు గారికి బహిరంగ లేఖ

అయ్యా,

కంప్యూటరుకూ యంత్రాలకూ మధ్య బిట్లను ఒక్కొక్కటిగా మోస్తూ, 1960లో ఆర్ఎస్-232 అనే ప్రమాణంగా అవతరించిన తమరు ఇంకా చెక్కుచెదరలేదు, సంతోషం. కంప్యూటర్లు తొమ్మిది పిన్నుల గుమ్మం మూసేస్తే యూఎస్‌బీ మారువేషంలో దొడ్డిదారిన వచ్చారు. లినక్స్‌లో తమరి దర్శనం కావాలంటే చాలాచోట్ల డయల్‌అవుట్ అనే గ్రూపులో సభ్యత్వం ఉండాలి. ఎవరికి డయల్ చేయాలో మాత్రం అడగకూడదు.

యూనిక్స్‌లో ప్రతిదీ, తమరి లాంటి పరికరం కూడా, ఫైలేనని పెద్దలన్నారు. ఆ మాట నమ్మి, యంత్రానికీ దాని ప్రోగ్రాముకూ మధ్య నడిచే సంభాషణ విందామని పక్క టెర్మినల్‌లో ఫైలు చదివి చూపే క్యాట్ అనే కమాండ్ నడిపాను. యంత్రం 1234567890 పంపింది. ప్రోగ్రాముకు 12367, నాకు 45890! అన్నదమ్ముల ఆస్తి పంపకాల్లో కూడా ఇంత నిష్పాక్షికత ఉండదు. ఒకరు చదివిన బైటు రెండోవారికి దక్కదట. బైట్లు సరిగా వచ్చాయో లేదో తేల్చే చెక్‌సమ్ కుదరలేదని ప్రోగ్రాము గగ్గోలు పెడుతుంటే, ఆ తప్పును వెతకడానికి నా దగ్గరున్నది సగం లాగ్ (సంభాషణ చిట్టా).

ప్రోగ్రామును ఆపి క్యాట్‌తో ఒంటరిగా తెరిస్తే మరో వినోదం. అవతల ఎవరో టెలిటైపు అనే పాతకాలపు టైపు యంత్రం ముందు కూర్చుని టైపు చేస్తున్నారని తమరి నమ్మకం. అందుకే వచ్చిన ప్రతి అక్షరాన్నీ ఎకో పేరుతో వెనక్కి పంపుతారు. యంత్రం తన మాటే తనకు వినిపించేసరికి, అదేదో కొత్త ఆజ్ఞ అనుకొని, "తెలియని కమాండ్" అంటుంది. తమరు దాన్నీ తిప్పి పంపుతారు. "తెలియని కమాండ్" అనేదీ తెలియని కమాండే కదా! పోర్టు అమరికలు మార్చే ఎస్టీటీవై కమాండ్‌తో రా మోడ్ (బైట్లను ముట్టుకోకుండా అందించే పద్ధతి) పెట్టి, ఎకో నోరు నొక్కేదాకా ఈ తగవు తెగదు.

చివరికి రెండు దారుల మధ్య బైట్లు చేరవేసే సోక్యాట్ అనే పనిముట్టును దళారిగా పెట్టుకున్నాను. అది ఒక నకిలీ పోర్టు సృష్టించి ప్రోగ్రామును దానికి తగిలిస్తుంది, అసలు తమరిని తన చేతిలో ఉంచుకుంటుంది, మధ్యలో నడిచే ప్రతి బైటునూ హెక్సాలో (పదహారు అంకెల లెక్కలో) రాసిపెడుతుంది. పని జరుగుతుంది, కాదనను. కానీ ప్రోగ్రాము వేగాన్ని సెకనుకు 9600 బిట్ల నుంచి 115200కు మార్చమంటే నకిలీ పోర్టు చిత్తమని తలూపుతుంది, కబురు మాత్రం తమరిదాకా చేరదు. ఆపైన లాగ్ నిండా పిచ్చిగీతలే.

ఇవన్నీ భరించవచ్చు. కంప్యూటరు సిద్ధమని చెప్పే డీటీఆర్ అనే తీగను మాత్రం క్షమించలేను. రాత్రంతా నడిచి తెల్లారేసరికి బిగుసుకుపోయిన యంత్రంలోని బోర్డు ఏమంటోందో విందామని పోర్టు తెరిస్తే, ఆ తీగలో సంకేతం మారి బోర్డు రీసెట్ అవుతుంది. సాక్ష్యం మాయం. లాగ్‌లో మొదటి వాక్యం: "సిస్టమ్ సిద్ధం, అంతా సవ్యం."

ఇట్లు,
తమరి గుమ్మం దగ్గర చెవి ఒగ్గిన
ఒక లాగ్ రాతగాడు