నిద్రపోయే వ్యానులో ఫ్యూజుకు వెండి కాగితం చుట్టమంటారా?

చలికాలం మొదలైతే చాలు, ఒడిశాలోని రాయగడ, కొరాపుట్, జయపురంలోని తెలుగు మిత్రుల వాట్సాప్ బృందాలన్నింటిలోనూ ఒకే సందేశం తిరుగుతుంది. "పాత వ్యానులో కొత్త సంగీతం: మెకానిక్కులు చెప్పని ఆరు రహస్యాలు" అని దాని పేరు. వెనక సీట్లు తీసేసి, పరుపూ గ్యాసు పొయ్యీ అమర్చుకుని, దేవమాలి కొండ మీద రాత్రి బస చేసే వాళ్ల కోసం రాశారట. తెలియనివాళ్లు పంపితే సరే అనుకోవచ్చు. ఇంజనీరింగు చదివినవాళ్లు కూడా "దాచుకోండి, పనికొస్తుంది" అంటూ పంపుతుంటే ఇక ఊరుకోలేకపోయాను.

మొదటి రహస్యం: వ్యానులో పాటలు వినిపించే సెట్టు (కారు స్టీరియో) పెట్టె మీద "50 వాట్లు ఇంటూ 4" అని ఉంటే అది 200 వాట్ల సెట్టు, ఆంప్లిఫయర్ దండగ. ఆ 50 క్షణకాలపు గరిష్ఠ అంకె. ఇంజను నడుస్తున్నప్పుడు అందే 14.4 వోల్టులతో, 4 ఓముల స్పీకరుకు, సెట్టు లోపలి ఆంప్లిఫయర్ శుభ్రంగా ఇవ్వగలిగింది లెక్క ప్రకారమే 25 వాట్లకు కాస్త ఎక్కువ. చేతికొచ్చేది 15 నుంచి 20. అయినా వాట్ల వెంట పడటం ఎందుకు? వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్లే. తలుపు రేకులో పెద్ద రంధ్రాలు అలాగే వదిలేస్తే స్పీకరు వెనక నుంచి వచ్చే శబ్దం ముందు శబ్దాన్ని రద్దు చేసి బేస్ ను, అంటే లోతైన శబ్దాన్ని, మింగేస్తుంది. ముందు ఆ రంధ్రాలు మూయించండి, రేకు అదరకుండా ఆపే బ్యూటైల్ రబ్బరు షీటు దానికి అంటించండి. తేడా మొదటి పాటకే తెలుస్తుంది.

స్పీకర్లలో వినిపించే, ఇంజను వేగంతో పాటు పెరిగే ఈల శబ్దానికి ఖరీదైన సెట్టు కొనమన్నారు. అక్కర్లేదు. చాలాసార్లు అది ఎర్త్ (వ్యాను ఇనప బాడీకి కలిపే వైరు) సరిగా లేకపోవడం వల్ల వచ్చేదే. సెట్టు, ఆంప్లిఫయర్ రెండింటి ఎర్త్ నూ రంగు గీకిన ఒకే చోట గట్టిగా బిగించి, సెట్టు నుంచి ఆంప్లిఫయర్‌కు పాట మోసుకెళ్లే సిగ్నల్ వైరును బ్యాటరీ వైరుకు దూరంగా లాగితే సాధారణంగా పోతుంది.

24 వోల్టుల పాత మినీ బస్సులో రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచి 12 వోల్టులు తీసుకోమన్నారు. అలా చేస్తే ఒకటి ఎప్పుడూ ఆకలితో, రెండోది ఎప్పుడూ అతి చార్జింగుతో ఉండి రెండూ చెడిపోతాయి. 24 నుంచి 12కు మార్చే కన్వర్టరు దొరుకుతుంది, అది పెట్టుకోండి.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని రెండో రహస్యం. "ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే పెద్దది వేయండి, దొరక్కపోతే సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టండి."

ఇది రాసినవారికి ఫ్యూజు ఎందుకుందో తెలుసా? అది సెట్టును కాపాడటానికి మాత్రమే కాదు, వైరును కాపాడటానికి. రేడియో వైరు 15 ఆంపియర్ల ఫ్యూజుకు తగ్గట్టు వేసినది. అక్కడ 30 పెడితే అదే వైరులో రెట్టింపు కరెంటు పారే వీలుంటుంది, వేడి మాత్రం నాలుగు రెట్లు. వెండి కాగితానికైతే హద్దే లేదు. కరిగేది వైరే.

మా ఊళ్లో ఒక మిత్రుడి వ్యాను డాష్‌బోర్డు విప్పినప్పుడు చూశాను. నీలం ఫ్యూజు ఉండాల్సిన చోట ఆకుపచ్చది, అంటే 15 బదులు 30. బ్యాటరీ నుంచి సెట్టుకు వచ్చే పసుపు వైరు తొడుగు గోధుమ రంగుకు తిరిగి, వంపు దగ్గర వేలు తగలగానే పెళుసుగా రాలిపోయింది. లోపలి రాగి తీగ, వ్యాను రేకు అంచుకు ఆనుకుని ఉంది. రేకు రంధ్రంలో వైరు ఒరుసుకోకుండా పెట్టే రబ్బరు గ్రోమెట్ ఎప్పుడో ఊడిపోయింది. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు ప్రతి మలుపులోనూ ఆ రాగి తీగ రేకును రాసుకుంటూనే ఉండి ఉంటుంది. అక్కడికి రెండడుగుల దూరంలో గ్యాసు సిలిండరు, దాని పక్కనే పిల్లలు పడుకునే పరుపు.

ఈ సలహాను ముందూ వెనకా చూడకుండా వంద మందికి పంపుతారా? ఫ్యూజు పోయిందంటే ఏదో తప్పు జరుగుతోందని వాహనం చెబుతోంది. దాని నోరు మూసేస్తే తప్పు పోతుందా? సెట్టు ప్లగ్గు పీకి, అదే అంకె ఉన్న కొత్త ఫ్యూజు వేసి చూడండి. అప్పుడూ పోతే లోపం వైరులో ఉంది, నిలిస్తే సెట్టులోనో దాని తర్వాతో ఉంది. ఆంప్లిఫయర్ పెట్టుకుంటే దానికి రేడియో వైరు నుంచి కరెంటు లాగకండి. బ్యాటరీ నుంచి విడిగా లావు వైరు, బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే దానికి ఫ్యూజు. ఆ దూరం ఎందుకంటే, ఫ్యూజుకు ముందున్న వైరుకు ఏ రక్షణా ఉండదు.

బండి తాళంచెవి తిప్పకుండానే సెట్టు పాడటానికి, తాళంచెవి తిప్పితేనే కరెంటు వచ్చే ఎర్ర వైరును, ఎప్పుడూ కరెంటు ఉండే పసుపు వైరుతో కలపమన్నది ఇంకొకటి. 60 ఆంపియర్-అవర్ల (అంటే ఒక ఆంపియరు చొప్పున 60 గంటల కరెంటు పట్టే) బ్యాటరీలో సగం దాటి వాడితే, సెల్ఫ్ కోసం తయారైన బ్యాటరీ త్వరగా పాడవుతుంది. సెట్టు 4 ఆంపియర్ల చొప్పున తింటే ఏడెనిమిది గంటల్లో ఆ సగం అయిపోతుంది, పాత బ్యాటరీ అయితే ఇంకా ముందే. 1,672 మీటర్ల కొండ మీద చలిలో తెల్లవారుజామున సెల్ఫ్ తీసుకోకపోతే ఎవరిని పిలుస్తారు? గంటసేపు నడిపితే మళ్లీ నిండిపోతుందన్నదీ నిజం కాదు. లెడ్ బ్యాటరీ చివరి భాగం చాలా నెమ్మదిగా నిండుతుంది. రాత్రి పాటలకు రెండో బ్యాటరీ వేరుగా ఉండాలి, ఇంజను నడుస్తున్నప్పుడు మాత్రమే రెండింటినీ కలిపే రిలే (దానంతటదే పనిచేసే స్విచ్చి) ఉండాలి. ఇంట్లో ఇన్వర్టర్‌కు వాడే బ్యాటరీని తెచ్చి మంచం కింద పెట్టకండి. చార్జింగులో హైడ్రోజన్ వస్తుంది, అది బయటికి పోయే దారి కావాలి.

ఆరో రహస్యం మాత్రం నిజం, ఒప్పుకుంటాను. "పాత కాగితపు కోను స్పీకర్లను పారేయకండి" అన్నారు. కోను అంటే స్పీకరు మధ్యలో అదిరే గరాటు లాంటి భాగం. తేలికైన కాగితపు కోను తక్కువ వాట్లకే గట్టిగా పలుకుతుంది. బరువైన కొత్త స్పీకరు అంతే శబ్దానికి రెట్టింపు వాట్లు అడగవచ్చు. చిన్న సెట్టున్న పాత వ్యానుకు పాతవే నయం కావచ్చు. మార్చే ముందు వేళ్లతో కోనును నాలుగు వైపులా సమంగా, మెల్లగా లోపలికి నొక్కండి. గీరుకోకుండా కదిలి, చుట్టూ ఉన్న అంచు చిరిగి లేకపోతే వాటిని అక్కడే ఉంచేయండి.