రెండో విడత వచ్చేలోపే మూతపడుతున్న సంఘాలు

ఒంటరి వృద్ధుల కోసం పగటిపూట కేంద్రం నడిపే చిన్న స్వచ్ఛంద సంఘాన్నే తీసుకోండి. అద్దె గది, ముగ్గురు కార్యకర్తలు, ఒక వంటమనిషి. ప్రభుత్వ గ్రాంటు మంజూరైందని ఉత్తర్వు వస్తుంది. సొమ్ము మాత్రం ఆర్థిక సంవత్సరం సగం దాటాక, అదీ మొదటి విడతే వస్తుంది. మార్చి 31లోగా దాన్ని ఖర్చు చేయాలి, ఆ తర్వాత ఆడిట్ చేయించి, వినియోగ ధ్రువపత్రం, అంటే అందరూ యూసీ అనే కాగితం, పంపాలి. అది నాలుగు టేబుళ్లు దాటితే తప్ప రెండో విడత కదలదు. ఈలోగా కేంద్రానికి వచ్చే వృద్ధులను ‘ఫైలు కదిలాక రండి’ అని వెనక్కి పంపలేరు కదా. అద్దె ఆగదు, గ్యాస్ బండ ఆగదు. చేబదుళ్లతో నెట్టుకొస్తారు. కొన్నాళ్లకు అప్పు కూడా పుట్టదు.

మన దగ్గర గ్రాంట్లపై చర్చ ఎప్పుడూ ‘ఎంత ఇచ్చారు’ అన్న దగ్గరే తిరుగుతుంది. చిన్న సంఘాలను కూల్చేది గ్రాంటు ఎంతన్నది కాదు, ఆ సొమ్ము వచ్చే తీరు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి–2017 చూడండి. గ్రాంటు సొమ్ముపై వడ్డీ వస్తే దాన్ని తిరిగి భారత సంచిత నిధికి, అంటే కేంద్ర ఖజానాకు జమ చేయాలి. ప్రజాధనం కాబట్టి అది న్యాయమే. అదే ప్రభుత్వం విడత ఆపినందువల్ల సంఘం బయట అప్పు తెచ్చి వడ్డీ కడితే? ఆ భారం సంఘం నెత్తినే. సొమ్ము తన దగ్గర నిలిస్తే జవాబు చెప్పాల్సింది సంఘమే, ప్రభుత్వం దగ్గర నిలిచినా నష్టపోయేది సంఘమే. ఈ ఒక్క అన్యాయాన్ని సరిచేయకుండా ఎన్ని పథకాలు ప్రకటించినా నాకు నమ్మకం లేదు.

అధికారుల భయానికీ కారణాలున్నాయి. గ్రామీణ స్వచ్ఛంద సంస్థలకు సాయం చేయడానికి 1986లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ కపార్ట్, నిధుల దుర్వినియోగం కింద వందల సంస్థలను బ్లాక్‌లిస్టులో పెట్టాల్సి వచ్చింది. దేశంలో 31 లక్షల స్వచ్ఛంద సంస్థలుంటే ఏటా లెక్కలు సమర్పించేవి పది శాతం లోపేనని 2015లో సీబీఐ సుప్రీంకోర్టుకు నివేదించింది. కాగితం మీదే బతికే సంస్థలు ఉన్నాయన్నది కాదనలేం.

అయితే ఆ మోసానికి మనం కనిపెట్టిన మందు మరిన్ని కాగితాలు. ఆ మందు ఎవరి మీద పనిచేస్తోంది? పెద్ద సంస్థకు ఫైళ్లు చూసుకునే ఉద్యోగులున్నారు. దొంగ సంస్థకు కాగితాలు పుట్టించడం వెన్నతో పెట్టిన విద్య. నిజంగా చిక్కుకునేది, రోజంతా మనుషుల మధ్య పనిచేసి రాత్రి రసీదులు అతికించుకునే కార్యకర్త. ఆడిటర్ ఫీజు, లెక్కలు రాసే మనిషి జీతం గ్రాంటులో చూపిద్దామంటే ‘పరిపాలనా ఖర్చు’ అని కోత పెడతారు. లెక్కలు అడిగేదీ వాళ్లే, లెక్కలు రాయడానికయ్యే ఖర్చు ఒప్పుకోనిదీ వాళ్లే.

నిఘా వద్దని నేననడం లేదు. ఎలాంటి నిఘా అన్నదే అసలు ప్రశ్న. ఇండోనేసియాలో ఊళ్లకు నేరుగా నిధులిచ్చి రోడ్లు వేయించిన కార్యక్రమంపై ఆర్థికవేత్త బెంజమిన్ ఓల్కెన్ 600కు పైగా గ్రామాల్లో ఒక ప్రయోగం చేశారు. ఫలితాలు 2007లో అచ్చయ్యాయి. మామూలుగా నూటికి నాలుగు పనులకే ప్రభుత్వ ఆడిట్ జరిగేది. ‘మీ పనికి తప్పకుండా ఆడిట్ ఉంటుంది’ అని కొన్ని ఊళ్లకు ముందే చెబితే, లెక్క తేలని ఖర్చు దాదాపు 8 శాతం పాయింట్లు తగ్గింది. ప్రజల సమావేశాలు పెంచిన చోట మొత్తమ్మీద పెద్ద తేడా రాలేదు. జనమే లెక్కలు అడిగే సామాజిక తనిఖీని ఎంతగానో ఇష్టపడే నాలాంటి వాళ్లకు ఇది మింగుడుపడని ఫలితమే, కానీ పక్కన పెట్టలేం. మనిషి వచ్చి, పని పరిశీలించి, లెక్క చూసే ఆడిట్‌కు భయపడతారు. యూసీ నమూనాలో ఇంకో గడి చేర్చితే ఎవరూ భయపడరు.

కాబట్టి చిన్న గ్రాంట్లకు ఒక పరిమితి గీసి, ఆ లోపు వాటికి సొమ్ము ముందే ఇవ్వాలి. కనీసం మూడేళ్లకు మాట ఇవ్వాలి, అద్దె, లెక్కల ఖర్చు అందులోనే కలపాలి. ప్రతి ఒక్కరినీ కాగితాలతో నలిపే బదులు, లాటరీ తీసి కొన్ని సంఘాలకు పూర్తి స్థాయిలో తనిఖీ చేయాలి. ఇచ్చిన సొమ్మెంతో, ఎవరికో, ఎప్పుడు విడుదలైందో అందరికీ కనిపించేలా పెట్టాలి. విడుదలైన తేదీ కూడా అని ప్రత్యేకంగా అంటున్నాను, ఎందుకంటే మంజూరు తేదీకీ దానికీ మధ్య దూరమే ఎవరూ రాయని లెక్క.

ఇక గడువు దాటిన ప్రతి రోజుకూ, సంఘం దగ్గర వసూలు చేసే వడ్డీలాగే, ప్రభుత్వం కూడా సంఘానికి వడ్డీ కట్టాలి. కాంట్రాక్టర్ల బిల్లులు ఆలస్యమైతే వడ్డీ అడిగే వీలును కొన్ని ఒప్పందాల్లో రాసుకుంటున్నప్పుడు, వృద్ధుల కేంద్రం నడిపేవాళ్లకు ఆ హక్కు ఎందుకు ఉండకూడదో సంబంధిత శాఖలు చెప్పాలి.