ఎంఓయూ ఉంది, బస్సు లేదు

జిల్లాలో నాలుగు సర్కారు డిగ్రీ కాలేజీలు ఇకమీదట ఏ పనైనా కలిసే చేయాలని ఎంఓయూ, అంటే అవగాహన ఒప్పందం, రాసుకోవడానికి తీర్మానించిన చారిత్రక సమావేశంలో నేను కూడా ఉన్నానని సగర్వంగా మనవి చేస్తున్నాను. మూడున్నర గంటలు జరిగింది. అందులో రెండు గంటలు ఫ్లెక్సీ మీదే. కాలేజీల పేర్లు ఏ వరసలో వేయాలి? అక్షరక్రమం అన్నారొకరు. తెలుగు అక్షరాలా, ఇంగ్లీషు అక్షరాలా అని ఇంకొకరు లేచారు, ఎందుకంటే ఆయన కాలేజీ తెలుగులో ముందు, ఇంగ్లీషులో చివర వస్తుంది. పోనీ సీనియారిటీ చూద్దామంటే జీవో వచ్చిన ఏడాదా, క్లాసులు మొదలైన ఏడాదా అని కథ మళ్లీ మొదటికొచ్చింది. చివరికి గడియారంలో అంకెల్లాగ గుండ్రంగా వేయించాం. అదే మా ఉమ్మడి ప్రణాళిక తొలి విజయం. విద్యార్థుల కార్యక్రమాలు ఎజెండాలో ఏడో అంశం. సమోసాలు వచ్చేసరికి మేం అయిదు దగ్గర ఉన్నాం.

ఇదేదో మా జిల్లాలో పుట్టిన పిచ్చి అనుకోకండి. 2021లో హైదరాబాదులో నిజాం, కోఠి ఉమెన్స్, సిటీ కాలేజీ, భవాన్స్ లాంటి తొమ్మిది కాలేజీలను ఒక క్లస్టర్ చేస్తున్నట్టు ఉన్నత విద్యామండలి చెప్పింది. ఒక కాలేజీలో చేరిన పిల్ల ఇంకో కాలేజీకి వెళ్లి తనకు నచ్చిన సబ్జెక్టు చదివి, దానికిచ్చే పాయింట్లు, అంటే క్రెడిట్లు, తెచ్చుకోవచ్చు. ఆలోచనకు వంక పెట్టలేం. కాకపోతే భవాన్స్ సైనిక్‌పురిలో, సిటీ కాలేజీ నయాపూల్ దగ్గర, మధ్యలో ఊరంతా ఉంది. పొద్దున ఎకనామిక్స్ అక్కడ, పదకొండింటికి ఇంకోటి ఇక్కడ అంటే ఆ పిల్లకు తార్నాక ట్రాఫిక్ మీద కూడా రెండు క్రెడిట్లు వేయడం ధర్మం. అన్నట్టు, అదే ఏడాది యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) ఈ క్రెడిట్లు దాచుకోవడానికి ఏకంగా బ్యాంకే పెట్టింది. మా పిల్లలందరికీ అందులో ఖాతాలు తెరిపించాం. పక్క కాలేజీ నుంచి జమైన క్రెడిట్లు మాత్రం ఇంతవరకూ లేవు, జన్‌ధన్ ఖాతాలు తెరిచిన కొత్తలో ఉన్నట్టే.

మేమూ ఒకసారి కమ్యూనిటీ కాలేజీ పథకానికి అప్లై చేద్దామనుకున్నాం. యూజీసీదే, పదేళ్ల కిందటి మాట. చుట్టుపక్కల పనులకు పనికొచ్చే చదువు చెప్పండి, చుట్టుపక్కల వాళ్లతో మాట్లాడి సిలబస్ రాసుకోండి అన్నారు. అమెరికాలో ఇలాంటి కాలేజీలో రెండేళ్లు చదివి పెద్ద యూనివర్సిటీకి మారిపోతారట అని తల్లిదండ్రుల మీటింగులో నేను ఊదరగొడుతుంటే ఒక పెద్దాయన లేచి, "ఏ కమ్యూనిటీకి సార్? బీసీ-డీలకు సీట్లుంటయా?" అన్నాడు. ఆయన తప్పేం లేదు. కమ్యూనిటీ అంటే మన దగ్గర సర్టిఫికెట్టు, అది మీసేవలో దొరుకుతుంది.

సరే, ఎంఓయూ సంగతికొద్దాం. సంతకాలయ్యాక ఒప్పందం ప్రకారం పిల్లల్ని పక్క కాలేజీకి పంపాలి. నలభైమంది బీఎస్సీ పిల్లల్ని ఎంపిక చేశాం. వాళ్లకు మైక్రోస్కోపులున్నాయి, మాకు లేవు. తీరా ఆ రోజు బస్టాండుకి వచ్చింది ఇరవై ఒక్కమంది, అందరూ ఆడపిల్లలే. మగపిల్లల బస్‌పాసు ఇంటి నుంచి మా కాలేజీ దాకానే, అవతలి ఊరికి టికెట్ కొనాలి, రానూపోనూ ఎవడిస్తాడు? ఆడపిల్లలకు ఆధార్ కార్డు చూపిస్తే ఫ్రీ. మొత్తం ప్లానింగులో పనిచేసింది మహాలక్ష్మి పథకం ఒక్కటే, అది మేం ప్లాన్ చేసింది కాదు.

అక్కడికి వెళ్తే ల్యాబు తాళం. అటెండరు పోస్టు ఖాళీ, తాళంచెవి ఆటలు ఆడించే పీడీ సార్ దగ్గర, ఆయన టోర్నమెంటుకు పోయాడు. పిల్లలు కిటికీలోంచి మైక్రోస్కోపుల్ని చూశారు. దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపించే యంత్రాన్ని దూరం నుంచి చూశారు అని రాద్దామనుకున్నాను గానీ, అది టెలిస్కోపు పని అని మా బోటనీ మేడమ్ సరిదిద్దారు. ఫొటో మాత్రం దిగాం. దిగకపోతే ఎట్లా? కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ వాళ్లకు జియోట్యాగ్ ఫొటో కావాలి, అంటే కింద ఊరు, తేదీ, అక్షాంశం, రేఖాంశం పడాలి. కాలేజీ గేటు దగ్గర సిగ్నల్ లేక అది పడలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆకలికి ఆగిన బిర్యానీ సెంటర్ ముందు బ్రహ్మాండంగా పడింది. అదే అప్‌లోడ్ చేశాం. రిపోర్టులో పేరు "విద్యార్థుల మార్పిడి కార్యక్రమం", ఫొటో వెనకాల "ఫ్యామిలీ ప్యాక్" అని బోర్డు.

ఇంతకీ ఈ నాలుగు కాలేజీలూ ఎంఓయూకి ముందు కలవనే లేదా అంటే, రోజూ కలుస్తూనే ఉన్నాయి. మా ఫిజిక్స్ గెస్ట్ లెక్చరర్ సోమ, మంగళ, బుధ మా దగ్గర, మిగతా మూడు రోజులు అవతలి కాలేజీలో. గంటల లెక్కన జీతం, అదీ ఎప్పుడో. రెండు కాలేజీల సిలబస్ ఎక్కడ ఆగిందో, ఏ పిల్లాడు దేంట్లో వెనకబడ్డాడో ఆయన బండికి తగిలించిన సంచీలో ఉంటుంది. పోయినేడు ప్రాక్టికల్స్ ముందు రెండు వెర్నియర్ కాలిపర్స్ అక్కడి నుంచి కండువాలో చుట్టి ఆయనే తెచ్చాడు. ఇది కూడా రిపోర్టులో రాయొచ్చు కదా అని కమిటీ వాళ్లను అడిగాను. ఒప్పుకోలేదు. సంతకాలు లేవు, ఫొటో లేదు, పైగా స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించకుండా బయటికి తీసుకుపోవడం ఆడిట్ అభ్యంతరం కిందికి వస్తుందట. ఆయన్ని ప్లానింగ్ కమిటీలో వేద్దామన్నాను. గెస్ట్ కదా, కమిటీలో ఉండటానికి వీల్లేదన్నారు. మీటింగు రోజున మాత్రం పిలిచారు, ప్రొజెక్టర్ కనెక్ట్ కాకపోతే.

మొన్న రెండో సమావేశం జరిగింది. ఈసారి ఎజెండాలో పరిశ్రమలతో ఒప్పందం అని ఒక అంశం ఉంది. పరిశ్రమలు మా జిల్లాలో ఎక్కడున్నాయి, పత్తి మిల్లు ఒకటి, అదీ ఆర్నెల్లే. ఆ బిర్యానీ సెంటర్‌తో చేసుకుందామని నేను ప్రతిపాదించాను. జియోట్యాగ్ ఎలాగూ ఉంది, ఆ రోజు పిల్లలకు ఏదన్నా దక్కిందంటే అక్కడే దక్కింది, తాళం కూడా వేసి లేదు. హాలంతా ఒక్క నిమిషం నిశ్శబ్దం. నవ్వుతారనుకున్నాను.

మా ప్రిన్సిపాల్ సార్ కళ్లజోడు సర్దుకుని, "వాళ్లకు లెటర్‌హెడ్ ఉంటుందా?" అని అడిగారు.