సవరణ: మెమ్‌టెస్ట్ పాసైనంత మాత్రాన ర్యామ్ బాగున్నట్టు కాదు

"ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రామ్ మెమ్‌టెస్ట్86 4 పాస్‌లు (పూర్తి రౌండ్లు) ఎర్రర్ లేకుండా దాటితే ర్యామ్‌ను అనుమానించక్కర్లేదు" అని మొన్న రాశాను. అది తప్పు, క్షమించండి.

అదే సిస్టమ్‌లో ప్రైమ్95 (భారీ లెక్కలతో కంప్యూటర్‌ను పరీక్షించే ప్రోగ్రామ్)లో లార్జ్ ఎఫ్ఎఫ్‌టీ అనే టెస్ట్ పెడితే 20 నిమిషాలకే రౌండింగ్ ఎర్రర్ (లెక్క తప్పడం) వచ్చి ఒక వర్కర్, అంటే లెక్కలు చేసే ఒక భాగం, ఆగిపోయింది. రెండు ఫలితాలూ నిజమే. మెమ్‌టెస్ట్ విండోస్ బయట నడుస్తూ ప్రధానంగా ర్యామ్‌నే పరీక్షిస్తుంది. ప్రైమ్95 మాత్రం ర్యామ్‌తో పాటు ప్రాసెసర్‌నీ, అందులోని మెమరీ కంట్రోలర్‌నీ (ర్యామ్‌తో డేటా మార్పిడి నడిపే భాగం) బాగా వేడెక్కిస్తుంది.

బయోస్‌లో ఎక్స్ఎంపీ (ర్యామ్‌ను మామూలు కంటే ఎక్కువ వేగంతో నడిపే సెట్టింగ్) ఆపి, ర్యామ్‌ను 3200 వేగం బదులు 2133లో పెట్టి రాత్రంతా ప్రైమ్95 నడిపాను. ఒక్క ఎర్రర్ లేదు. 3200లోనే ఒక్కో ర్యామ్ స్టిక్ విడిగా పెట్టినా పాసైంది, రెండూ కలిపితేనే తేడా. కాబట్టి నా అనుమానం ఇప్పుడు స్టిక్స్ మీద కాదు, కంట్రోలర్ మీద.

నా మాట నమ్మి ర్యామ్‌ను వదిలేసి, తప్పు ఎస్ఎస్‌డీ (స్టోరేజ్ డ్రైవ్)దే అనుకుని దాన్ని మార్చబోతున్నవాళ్లు దయచేసి ఆగండి. ముందు ఎక్స్ఎంపీ ఆపి చూడండి.