హక్కా మీద హక్కెవరిది?

చాలా బాధతో ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. హక్కా అనే ఒక చైనా జాతి తన వంటను తానే మర్చిపోతుంటే చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాదు. మొన్న కౌలాలంపూర్‌లో స్వయంగా చూసొచ్చిన సంగతి. హక్కా వాళ్ళ హోటల్లో, హక్కా వాళ్ళే వండి హక్కా వాళ్ళే వడ్డించే చోట, హక్కా నూడుల్స్ చెయ్యడం ఎవరికీ రాదు.

ముందు నా అర్హతలు చెప్పుకోవాలి. మా తణుకు బస్టాండు దగ్గర ఫాస్ట్‌ఫుడ్ బండి మీద ఇరవై ఏళ్ళుగా హక్కా నూడుల్స్ తింటున్నవాణ్ణి. సన్నగా తరిగిన క్యాబేజీ, క్యారెట్టు, క్యాప్సికం. ఒక సీసాలో ఎర్ర సాసు, ఒక సీసాలో నల్ల సాసు, మూతకి చిల్లు పెట్టిన సీసాలో వెనిగరు. చిటికెడు టేస్టింగ్ సాల్టు. మాస్టరు గరిటెతో కళాయి అంచు మీద టంగు టంగుమని రెండు దెబ్బలు కొట్టాడంటే ప్లేటు రెడీ. బండికి ముందు ఎర్రటి డ్రాగన్ బొమ్మ కూడా ఉంది. సంప్రదాయం అంటే ఇంతకంటే ఏం కావాలి?

మా మేనల్లుడు అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. "మావయ్యా, నీకు హక్కా అంటే ప్రాణం కదా, ఈ శనివారం అసలైన హక్కా హోటల్‌కి తీసుకెళ్తాను" అన్నాడు. అసలైన అన్న మాట దగ్గరే నాకు అనుమానం రావాల్సింది.

ఆర్డరు తీసుకోవడానికి ఒక పెద్దావిడ వచ్చింది. "హక్కా నూడుల్స్, మంచూరియా డ్రై" అన్నాను, ఇంకేం ఆలోచించకుండా. ఆవిడ నా వంక జాలిగా చూసి, చెయ్యి ఉత్తరం వైపు ఊపి, "మంచూరియా చాలా దూరం" అంది. ఆకలేసి వచ్చినవాడికి భూగోళం పాఠం! నూడుల్స్ మాత్రం ఉన్నాయంది. వచ్చాయి. పాలిపోయిన నూడుల్స్‌ని పందికొవ్వులో కలిపి, పైన సన్నగా కొట్టిన పందిమాంసం చల్లి, పక్కన రెండు ఆకుకూర రెమ్మలు పెట్టారు. క్యాబేజీ లేదు. క్యాప్సికం లేదు. ఎర్ర సాసు ఊసే లేదు. జ్వరం తగ్గినవాడికి పథ్యం పెట్టినట్టుంది. తినడానికి బాగానే ఉంది, అది వేరే సంగతి. రుచిగా ఉన్నంత మాత్రాన సంప్రదాయం అయిపోదు.

ఆ తర్వాత టోఫూ వచ్చింది, పొట్ట చీల్చి చేపముద్ద కూరి. హక్కా వాళ్ళు ఉత్తర చైనాలో ఉన్న రోజుల్లో గోధుమపిండి మడతల్లో మాంసం కూరుకు తినేవారని, దక్షిణానికి వచ్చాక గోధుమలు దొరక్క టోఫూలో కూరడం మొదలుపెట్టారని కథ. అదే పళ్ళెంలో వంకాయ, కాకరకాయ, బెండకాయ కూడా ఉన్నాయి, అన్నీ గాటు పెట్టి కూరినవే. మా ఆవిడ శనివారం నీచు ముట్టదు కాబట్టి కళ్ళతోనే పరీక్షించి, "ఏమండీ, ఇది మన గుత్తివంకాయే, ఖర్మ కొద్దీ చేప పెట్టారు" అని తీర్పు చెప్పింది.

ఆవిడ కోసం మావాడు లేచా అని ఒకటి చెప్పాడు, నెత్తళ్ళు వెయ్యొద్దని రెండుసార్లు బతిమాలి మరీ. ఇక్కడ కాస్త ఆగాలి. లోపలంతా గీతలు గీసిన మట్టి గిన్నె ఒకటి, రోకలిలాంటి జామకర్ర ఒకటి తెచ్చుకుని, పెద్దావిడ మా ఎదురుగానే కూర్చుంది. టీ ఆకు, పుదీనా, నువ్వులు, వేరుశనగపప్పు వేసి, గిన్నెని ఒళ్ళో బిగించి పట్టుకుని, కర్రని గోడ వెంట గిర్రున తిప్పుతూ నూరింది. నూనె తేలేదాకా నూరింది. దాని మీద మరిగే నీళ్ళు పోస్తే ఆకుపచ్చటి పులుసులా అయింది. అన్నం చుట్టూ సన్నగా తరిగిన కూరలు, ముల్లంగి ఊరగాయ సర్ది, ఆ టీని పోసుకుని కలుపుకోవాలట. "నువ్వులు వేయించి నూరితే ఇంకా కమ్మగా ఉంటుంది" అంది మా ఆవిడ. మావాడు అనువాదం చేశాడు. వేయించినవే అని పెద్దావిడ నాలుగు గింజలు మా ఆవిడ అరచేతిలో పోసింది. ఆ తర్వాత ఇద్దరూ ఒకళ్ళ భాష ఒకళ్ళకి రాకపోయినా అరగంట మాట్లాడుకున్నారు. ఆవ ఆకుని ఉప్పులో ఊరేసి ఎండబెట్టి ఏడాది పొడుగునా వాడతారని తెలిశాక మా ఆవిడ పూర్తిగా అటు పక్షం అయిపోయింది. ఊరగాయ పెట్టుకునేవాళ్ళు అబద్ధం ఆడరని ఆవిడ సిద్ధాంతం. ముప్ఫై ఐదేళ్ళ కాపురంలో టీలో అన్నం కలుపుకు తిన్న మా ఆవిడని అదే మొదటిసారి చూడటం.

నేను మాత్రం లొంగలేదు. "ఒరేయ్, వీళ్ళకి తమ చరిత్ర తెలుసా?" అని అడిగాను. వాడు వెంటనే ఫోను తీశాడు. ఈ కాలం పిల్లలతో ఇదే తంటా.

హక్కా అంటే చుట్టాలు, అతిథి కుటుంబాలు అని అర్థమట. కొన్ని వందల ఏళ్ళపాటు విడతలు విడతలుగా ఉత్తరాన్నుంచి దిగొచ్చారు. అప్పటికే మంచి పల్లపు భూములన్నీ పంచుకోవడం అయిపోయింది కాబట్టి వీళ్ళకి కొండలు మిగిలాయి. కొండ మీద రోజంతా పనిచేసేవాళ్ళకి ఉప్పూ కొవ్వూ కావాలి, అందుకే ఆ వంట అలా ఉంటుంది. కోడిని కాగితంలో చుట్టి కాలే ఉప్పులో పాతిపెట్టి వండటం కూడా వాళ్ళ విద్యే. పొలంలో ఆడవాళ్ళ చెయ్యి కూడా పడాలి కాబట్టి వాళ్ళలో ఆడపిల్లల పాదాలు పెరక్కుండా కట్టేసే పాత చైనా ఆచారం ఉండేది కాదు. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో 1855 నుంచి 1867 దాకా స్థానికులకీ వీళ్ళకీ ఊళ్ళకి ఊళ్ళు తగలబడేంత కొట్లాటలు. ఆ శతాబ్దంలోనే చాలామంది ఓడలెక్కేశారు. తగరం గనుల రోజుల్లో ఈ కౌలాలంపూర్‌ని నిలబెట్టిన యాప్ అహ్ లోయ్ కూడా హక్కాయేనట. ఊరు కట్టడం వచ్చింది గానీ క్యాబేజీ తరగడం రాలేదు.

"మరి మన హక్కా నూడుల్స్ ఎక్కడివిరా?" అన్నాను.

"కలకత్తావి మావయ్యా. టాంగ్రాలో హక్కా వాళ్ళు తోళ్ళ పని చేసేవారు, ఎవరూ ముట్టని పని అని. మనవాళ్ళ నాలుకకి తగ్గట్టు పచ్చిమిరపకాయలు దట్టించి హోటళ్ళు పెట్టింది వాళ్ళే. నీ మంచూరియా అయితే 1975లో ముంబయిలో పుట్టిందంటారు. చేసింది నెల్సన్ వాంగ్, ఆయన పుట్టింది కలకత్తాలో."

ఇక్కడ మన మర్యాద గురించి ఒక మాట చెప్పాలి. పేరులోనే చుట్టం ఉన్నవాళ్ళని మనం ఎలా చూసుకున్నామో లోకానికి తెలియాలి. 1962లో చైనాతో యుద్ధం రాగానే అస్సాం, షిల్లాంగ్, డార్జిలింగ్ వైపు నుంచి సుమారు 3 వేల మంది చైనా సంతతివాళ్ళని రైలెక్కించి రాజస్థాన్‌లో దేవ్‌లీ దాకా తీసుకెళ్ళాం. ఒక్కరిని కూడా టిక్కెట్టు అడగలేదు. వాళ్ళలో ఇక్కడే పుట్టినవాళ్ళున్నారు, ముసలివాళ్ళున్నారు, బడికెళ్ళే పిల్లలున్నారు. యుద్ధం నెల రోజుల్లో అయిపోయింది. అయినా కొందరిని 1967 దాకా పోనివ్వలేదు. పండక్కొచ్చిన అల్లుణ్ణయినా అన్నేళ్ళు ఉంచుకుంటామా? తిరిగొచ్చేసరికి చాలామంది ఇళ్ళూ కొట్లూ ఇంకొకళ్ళవైపోయాయి. ఆ తర్వాత మనుషులు మెల్లగా టొరంటో దారి పట్టారు. నూడుల్స్‌ని మాత్రం మనం పోనివ్వలేదు.

టొరంటో అంటే గుర్తొచ్చింది. అక్కడ హక్కా రెస్టారెంటు అని బోర్డు ఉందంటే లోపల చిల్లీ చికెనూ మంచూరియా దొరుకుతాయట, కలకత్తా నుంచి వెళ్ళినవాళ్ళ పుణ్యమా అని. కెనడా చలిలో కూడా సంప్రదాయం బతికే ఉంది! తేడా అంతా ఈ కౌలాలంపూర్ వాళ్ళలోనే.

అందుకని తిరిగొచ్చాక ఒక నిర్ణయానికి వచ్చాను. హైదరాబాద్ హలీంకి, ఆత్రేయపురం పూతరేకులకి జీఐ ట్యాగ్ వచ్చినప్పుడు మా బస్టాండు హక్కా నూడుల్స్‌కి ఎందుకు రాదు? ఆ కౌలాలంపూర్ పెద్దావిడకి ఒక కాపీ పోస్టులో పంపిద్దామనుకుని దరఖాస్తు రాయడానికి కూర్చున్నాను. ఎక్కడ పుట్టింది అన్న చోట బస్టాండు పేరు రాశాను. ఎన్ని తరాలుగా చేస్తున్నారు అన్న దగ్గర మాత్రం ఆగాల్సి వచ్చింది, దానికి ఆధారం కావాలట. సాయంత్రం కాగితాలు పట్టుకుని బండి దగ్గరికి వెళ్ళి మాస్టర్ని అడిగాను.

వాడు మంట తగ్గించకుండానే, "నేనొచ్చి ఆర్నెల్లే సార్. అంతకు ముందు బరంపురంలో టిఫిన్లు" అని, కళాయి అంచు మీద రెండు దెబ్బలు కొట్టాడు.