రావడం మానేసినవాళ్లు ఏమయ్యారు?

1870లో బెడ్డోమ్ అనే ఇంగ్లీషు సైనికాధికారి తిరుపతి కొండల్లోని ఒక బల్లిని శాస్త్ర ప్రపంచానికి పరిచయం చేశాడు. మనం బంగారు బల్లి అంటామే, అదే. ఆ తర్వాత వందేళ్లకు పైగా శాస్త్ర పత్రికల్లో దాని ఊసు పెద్దగా లేదు. 1986లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో, తూర్పు కనుమల్లో ఈ బల్లి మళ్లీ దొరికిందని వ్యాసం వచ్చింది. ఆ వందేళ్లూ జనం కొండెక్కుతూనే ఉన్నారు, బల్లి రాతి చీలికల్లో గుడ్లు పెడుతూనే ఉంది.

కలివికోడిదీ ఇలాంటి కథే. 1900 తర్వాత కనబడలేదు కాబట్టి అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో దొరికింది. రాత్రిళ్లు తిరిగే ఆ పిట్టను పట్టి చూపించింది అక్కడి వేటగాడు. అతనికి తెలిసినదే శాస్త్రానికి కొత్త వార్త అయింది.

అప్పటినుంచి జంతుశాస్త్రం చాలా నేర్చుకుంది. శేషాచలం అడవిలో దేవాంగపిల్లి ఉందో లేదో చూడాలంటే ఒక రాత్రి లైటు పట్టుకుని తిరిగి, కళ్లు మెరవలేదు కాబట్టి లేదని రాయకూడదు. అదే చోటికి నాలుగైదు రాత్రులు వెళ్లాలి. ఎన్నిసార్లు కనబడింది, ఎన్నిసార్లు కనబడలేదు అన్నదాన్నిబట్టి, ఉండి కూడా మన కంటపడకుండా పోయే అవకాశం ఎంతో కట్టాలి. 2002 నుంచి దీనికి పక్కా గణిత పద్ధతి ఉంది. ఒక జంతువు కనబడకపోవడం, అసలు లేకపోవడం వేరువేరు సంగతులని ఆ లెక్క ముందే ఒప్పుకుంటుంది.

మనుషుల విషయంలో ఇంత జాగ్రత్త పడుతున్నామా అన్నదే నన్ను తొలిచేస్తున్న ప్రశ్న.

మా పెద్దమ్మది పలమనేరు దగ్గర పల్లె. క్యాన్సర్ అని తెలిశాక ఒక పెద్దాసుపత్రిలో ఆరు కీమోలు రాశారు. మూడింటికి వెళ్లింది. మందులకు డబ్బు కట్టే పని లేదు. కానీ వెళ్లిన ప్రతిసారీ వెంట వచ్చే అన్నకు రెండు రోజుల కూలి పోయేది, ఇంటి దగ్గర ఆవులకు పాలు పిండేవాళ్లు ఉండేవాళ్లు కాదు. "నాకోసం ఇంట్లో అందరూ ఎండిపోవాల్నా" అని నాలుగోదానికి వెళ్లలేదు. ఐదు నెలలకు ఇంట్లోనే పోయింది. తర్వాత ఏవో కాగితాల కోసం అన్న ఆసుపత్రికి వెళ్తే ఆమె ఫైలు చివర 'రాలేదు' అని ఉంది. ఎందుకు రాలేదని ఎవరూ ఫోన్ చేయలేదు. చనిపోయిన సంగతి ఆ ఫైలుకు తెలియదు.

ఇలాంటి వాళ్లను పరిశోధనలో 'లాస్ట్ టు ఫాలో అప్' అంటారు. వాళ్లను ఏం చేయాలన్నదానికి 1958లో కప్లాన్, మైయర్ అనే ఇద్దరు గణాంకవేత్తలు ఒక దారి చూపించారు. రోగి ఎన్నాళ్లు కనబడితే అన్నాళ్లూ లెక్కలో ఉంచి, కనబడకుండా పోయిన రోజున పక్కకు తీస్తారు. చాలా తెలివైన పద్ధతి. ఫలానా జబ్బుతో ఐదేళ్లు బతికినవాళ్లు ఇంత శాతం అని మనం చదివే అంకెల్లో చాలావరకు ఆ దారిన వచ్చినవే. కానీ దానికి ఒక షరతుంది. రావడం మానేసినవాళ్లకూ, వస్తూనే ఉన్నవాళ్లకూ ప్రాణాపాయం ఒకేలా ఉండాలి. బెంగళూరుకు ఇల్లు మారి అక్కడ వైద్యం కొనసాగించినవాళ్ల విషయంలో ఇది నిజమే కావచ్చు. మా పెద్దమ్మ విషయంలో కాదు.

వంద మంది వైద్యానికి చేరారనుకుందాం. ఏడాదిలో ఇరవై మంది చనిపోయారని తెలిసింది, ముప్పై మంది రావడం మానేశారు, యాభై మంది బతికి ఉన్నారు. మానేసినవాళ్లను వదిలేసి చూస్తే డెబ్బై మందిలో యాభై, అంటే 71 శాతం బతికినట్టు. ఆ ముప్పై మందీ పోయి ఉంటే 50 శాతమే. అందరూ బతికి ఉంటే 80. ఈ మూడింటిలో ఏది నిజమో చెప్పగలిగేది ఏ గణితమూ కాదు, ఆ ముప్పై ఇళ్ల తలుపు తట్టినవాళ్లే. ఆ తలుపు తెలిసిన ఆశా కార్యకర్త ప్రతి ఊళ్లో ఉంది. ఆసుపత్రి పరిశోధకుడు ఆమెకు ఒక ఫోన్ చేయడం అంత కష్టమా?

రాకుండా పోవడం ఒక రకం. మొదటినుంచీ చేర్చుకోకపోవడం ఇంకో రకం. ప్రయోగశాలల్లో చాలాకాలం మగ ఎలుకలనే ఎక్కువగా వాడారు. ఆడ ఎలుకల్లో హార్మోన్లు మారుతుంటాయి కాబట్టి ఫలితాలు గజిబిజి అవుతాయన్నది చెప్పిన కారణం. 2011లో వచ్చిన ఒక సమీక్షలో పది జీవశాస్త్ర రంగాలు చూస్తే ఎనిమిదింటిలో మగ జంతువుల వైపే మొగ్గు కనబడింది. 2014లో ఇంకొందరు 293 పరిశోధనలు తిరగేసి, ఆడ ఎలుకల ఫలితాలు మగవాటికన్నా ఎక్కువ గజిబిజిగా ఏమీ లేవని తేల్చారు. అంటే ఇన్నాళ్లూ చెప్పిన కారణమే తప్పు. మనుషుల్లోనూ ఆడవాళ్ల శరీరాన్ని విడిగా చూడటం ఆలస్యమైంది. జోల్పిడెం అనే నిద్రమాత్ర ఆడవాళ్ల ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వాళ్లకు డోసు సగానికి తగ్గించింది 2013లో. ఆ మాత్ర మార్కెట్లోకి వచ్చి అప్పటికి ఇరవై ఏళ్లు.

రాజకీయాల్లో ఇది తలకిందులవుతుంది. ఇక్కడ ఆడవాళ్లు రికార్డులో ఉంటారు, గదిలో ఉండరు. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చి పంచాయతీల్లో మూడో వంతు స్థానాలు ఇచ్చింది. మన రాష్ట్రం దాన్ని సగానికి పెంచింది. కాగితం మీద చూస్తే చిత్తూరు జిల్లా సగం ఊళ్లను ఆడవాళ్లే ఏలుతున్నారు. మీటింగుకు వెళ్తే చాలాచోట్ల కుర్చీలో భర్త ఉంటాడు, సంతకం మాత్రం ఆమెది. గెలిచినవాళ్ల పేర్లు లెక్కపెట్టే పరిశోధనకు ఇది ఎన్నటికీ కనబడదు.

అలాగని రిజర్వేషన్ వట్టిదనేవాళ్లతో నేను ఏకీభవించను. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్‌లలో 265 పంచాయతీలను చూసి రాఘవేంద్ర ఛటోపాధ్యాయ, ఎస్తేర్ డఫ్లో 2004లో ప్రచురించిన అధ్యయనం నాకు చాలా ఇష్టం. వాళ్లు పేర్లు లెక్కపెట్టి ఊరుకోలేదు. ఊళ్లో ఆడవాళ్లు దేనికోసం అర్జీ పెడుతున్నారు, మగవాళ్లు దేనికోసం పెడుతున్నారు, డబ్బు చివరికి దేనిమీద ఖర్చయింది అని చూశారు. ఏ ఊరు మహిళకు రిజర్వు కావాలన్నది ఎవరి ఇష్టంతోనూ పని లేకుండా వంతులవారీగా తేలింది కాబట్టి పోలిక గట్టిగా నిలిచింది. మహిళలు అధ్యక్షులుగా ఉన్నచోట ఊళ్లోని ఆడవాళ్లు అడిగిన పనులకు, ముఖ్యంగా తాగునీటికి, ఎక్కువ ఖర్చయింది. 2024 లోక్‌సభలో 543 మందికి 74 మంది మహిళలే గెలిచారన్న అంకె ముఖ్యమే. ఆ 74 మంది ఏం మాట్లాడారు, ఏం సాధించారు అన్నది విడిగా వెతకాల్సిన పని.

తిరుపతిలో 1954 నుంచి వెంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది, 1983 నుంచి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 1993 నుంచి స్విమ్స్ ఆసుపత్రి. పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఐసర్ ఉన్నాయి. అడవిలో కనబడని జంతువును లెక్కించడం తెలిసినవాళ్లు, రావడం మానేసిన రోగిని ఎలా లెక్కించాలో తెలియక ఇబ్బంది పడేవాళ్లు, సర్పంచ్ కుర్చీలో నిజంగా ఎవరున్నారో తెలుసుకోవాలనుకునేవాళ్లు ఒకే ఊరి టీ కొట్ల దగ్గర నిలబడుతున్నారు. ఒకరి థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షకు, అంటే వైవాకు, ఇంకొక క్యాంపస్ నుంచి ఒకరిని పిలిచి, 'నీ పట్టికలో లేనివాళ్లెవరు, ఎందుకు లేరు' అని అడిగించాలి. పీహెచ్‌డీ ఇచ్చే ముందు దానికి తెలుగులో ఒక పేజీ జవాబు రాయించాలి.

గ్రామసభకు ఒక విద్యార్థిని గడియారంతో వెళ్లి, సర్పంచమ్మ ఎన్ని నిమిషాలు మాట్లాడిందో, ఆమె భర్త ఎన్ని నిమిషాలు మాట్లాడాడో రాసుకోవచ్చు. అదే ఊళ్లో ఆశా కార్యకర్త దగ్గర కూర్చుని, ఆసుపత్రి ఇచ్చిన 'రాలేదు' జాబితాలోని పేర్లు ఒక్కొక్కటీ చదవొచ్చు. మా పెద్దమ్మ పోయిన తేదీ వాళ్ల ఊరి ఆశా కార్యకర్త పుస్తకంలో ఉంది. నేను చూశాను.