శాశ్వత చిరునామా గడి గారి దివ్యసముఖమునకు

మహారాజశ్రీ శాశ్వత చిరునామా గడి గారికి, కర్నూలు జిల్లాలో ఒక ప్రాథమిక పాఠశాల పంతులు నమస్కరించి రాయు విన్నపములు.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ. కానీ ప్రస్తుతం కుశలం మీ ఒక్కరికే ఉన్నట్టుంది. ఇక్కడ నాకు టెన్షన్, ఒక పిల్లకి బడి లేదు. అందుకని నేరుగా విషయానికి వస్తాను.

బడిలో చేర్చుకునే దరఖాస్తు కాగితం మీద ఉన్న రోజుల్లో మీరు ఇంత మొండిగా ఉండేవారు కాదు. ఖాళీగా వదిలేస్తే పోనీలే అని ఊరుకునేవారు. హెడ్మాస్టరు అడ్డంగా ఒక గీత గీసి, కింద సంతకం పెట్టి, పిల్లని లోపలికి తోలేవాడు. ఆన్‌లైన్ వచ్చాక మీ నెత్తిన ఎర్ర చుక్క మొలిచింది. ఆ చుక్క పెట్టుకున్న దగ్గర్నుంచి మీ దర్జానే వేరు. మిమ్మల్ని నింపకపోతే కింద ‘నెక్స్ట్’ బటన్‌కి ప్రాణం రాదు. మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉండేదట. మా బళ్ళో ఒక పిల్ల చదువు ప్రాణం మీలో ఉంది.

జూన్‌లో బడి తెరిచిన వారానికే మా ఊరి చెరువుగట్టు మీద ఏడెనిమిది గుడారాలు లేచాయి. బుడగ జంగాల వాళ్ళు. ఒకప్పుడు బుడిగె వాయిస్తూ, తంబుర మీటుతూ రాత్రంతా కథలు చెప్పినవాళ్ళు. ఇప్పుడు కథ వినేవాళ్ళు లేరు కాబట్టి టీవీఎస్ ఎక్సెల్ మీద ప్లాస్టిక్ బకెట్లు, స్టీలు గిన్నెలు కట్టుకుని వీధుల్లో తిరుగుతారు. గిన్నె ఇచ్చి, తలదువ్వినప్పుడు రాలిన వెంట్రుకలు తీసుకుంటారు.

బడిఈడు పిల్లలు బయట కనబడకూడదని పైనుంచి ఆర్డరు. వెళ్ళాను. మూడు రాళ్ళ పొయ్యి ఊదుతున్న పిల్ల ఒకతి లేచి, పొగకి కళ్ళు తుడుచుకుని, ‘బడికి చెప్పులుండాల్నా సారూ?’ అంది. అక్కర్లేదన్నాను. అయితే వస్తానంది. తండ్రి గుడారంలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి, ముడి మీద ముడి విప్పి, లోపలున్నవన్నీ నా ముందు పరిచాడు. అరిగిపోయిన టీకాల కార్డు, రెండు ఆధార్ కార్డులు, బుడిగె పట్టుకుని నిలబడ్డ తాత ఫోటో. ఆధార్‌లో ఉన్న ఊరు ఏదంటే, ఆధార్ క్యాంపు వచ్చిన రోజు వీళ్ళ గుడారం ఎక్కడుంటే ఆ ఊరు.

‘పాప ఎప్పుడు పుట్టింది?’

‘జొన్న కంకి పాలు పోసుకునే టయానికి సారూ.’

‘ఏ ఊళ్ళో?’

‘దోవలో.’

మీ కింద ఉన్న లిస్టు మొత్తం వెతికాను. జిల్లాలున్నాయి, మండలాలున్నాయి, మనిషి లేని గ్రామాలు కూడా ఉన్నాయి. ‘దోవ’ లేదు. పోనీ మీలో ‘చెరువుగట్టు, మూడో గుడారం’ అని కొట్టాను. డోర్ నంబర్ కావాలన్నారు. గుడారానికి తలుపే లేదు, డోర్ ఎక్కడిది? సున్నా వేశాను. తప్పు అని ఎర్రగా ఉరిమారు. పిల్ల నా కుర్చీ పక్కన నిలబడి తెర మీదికి తొంగి చూస్తోంది. ‘సారూ, అది కోపంగుందా?’ అని అడిగింది. ఏం చెప్పను!

విచిత్రం ఏమిటంటే, చట్టం మిమ్మల్ని అడగనే లేదు. 2009లో చేసి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు చేస్తున్న విద్యాహక్కు చట్టం ఒకటుంది. వయసు రుజువు లేదని పిల్లని వెనక్కి పంపకూడదంటుంది. టీసీ ఆలస్యమైందని చేర్చుకోవడం ఆపకూడదంటుంది. ఈడుకి తగ్గ తరగతిలో కూర్చోబెట్టి, వెనకబడింది విడిగా నేర్పమంటుంది. కాపీ నా బీరువాలో ఉంది. పిల్లని చేర్చుకునే సెక్షన్లు రెండుసార్లు చదివాను, మీ పేరు కనబడలేదు. చట్టం రమ్మంటోంది, సాఫ్ట్‌వేర్ గుమ్మం దగ్గర ఆపుతోంది. పార్లమెంటు పెద్దదా, ఎర్ర చుక్క పెద్దదా అని మా ఆపరేటర్‌ని అడిగాను. ‘సర్వర్ డౌన్ సార్’ అన్నాడు.

నేను బీఎల్‌ఓ డ్యూటీ, అంటే ఓటర్ల జాబితా చూసే బూత్ లెవల్ ఆఫీసరు పని కూడా చేసినవాణ్ణి. అక్కడ మీ ఆటలు సాగవు, తెలుసా? ఇల్లు లేని మనిషి ఓటుకి అప్లై చేస్తే చిరునామా రుజువు అక్కర్లేదు. ఆయన చెప్పిన చోటికి బీఎల్‌ఓనే రాత్రిపూట వెళ్ళి, నిజంగా అక్కడ పడుకుంటున్నాడో లేదో చూసి రావాలి. ఒక్క రాత్రి చూస్తే చాలదు, ఇంకో రాత్రి కూడా పోవాలి. అంటే ఓటరు కోసమైతే సర్కారు టార్చిలైటు పట్టుకుని, దోమలు కుట్టించుకుంటూ చెరువుగట్టు మీదికి వస్తుంది. అదే గట్టు మీది పిల్ల పట్టపగలు బడి గేటు దాకా నడిచొస్తే డోర్ నంబర్ అడుగుతుంది.

మీకు తెలుసో లేదో, మీ వంశంలో ఒక ముత్తాత ఉండేవాడు. కొన్ని కులాల మీద పుట్టుకతోనే దొంగలని ముద్ర వేస్తూ 1871లో తెల్లదొరలు చేసిన నేరస్థ జాతుల చట్టం తాలూకు రిజిస్టరు. 1911 నాటికి మన మద్రాసు ప్రెసిడెన్సీలోకీ దిగింది. ఆయన మీలాగా తడుముకునే రకం కాదు. ఎవరు ఏ చెట్టు కింద పడుకున్నారో, పక్క ఊరికి ఎప్పుడు పోయి ఎప్పుడొచ్చారో పూసగుచ్చినట్టు రాసుకునేవాడు. వేలిముద్రలు తీసుకునేవాడు. ఊరు దాటాలంటే పాసు. బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో ఎరుకల వాళ్ళని తెచ్చి కూర్చోబెట్టి హాజరు తీసుకున్నది ఈ పద్ధతిలోనే. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి ఉంచొచ్చని 1897లో ఒక సవరణ కూడా తెచ్చారు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. దొంగలని అనుమానించినన్నాళ్ళూ ఇలాంటి సంచార జాతుల వాళ్ళు ఎక్కడున్నారో సర్కారుకి రాత్రీ పగలూ తెలుసు. చేతిలో పలక పెట్టాల్సి వచ్చేసరికి అడ్రస్ మర్చిపోయింది.

మీ తమ్ముడు కుల ధ్రువీకరణ పత్రం గారి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఇదే పిల్ల మేనమామ తుంగభద్ర అవతల, తెలంగాణలోని అలంపురం వైపు ఉంటాడు. ఆయన పిల్లలు ఎస్సీ. రాష్ట్రం ఉమ్మడిగా ఉన్నప్పుడే ఎస్సీ జాబితాలో బుడగ జంగం పేరు పక్కన బ్రాకెట్లో తెలంగాణ జిల్లాలు మాత్రం రాసి, మన జిల్లాలు వదిలేశారు. అందుకని ఈ పిల్ల బ్రిడ్జి మీదుగా పోయి పుల్లూరు చెక్‌పోస్టు దాటితే ఒక కులం, ఇవతలికొస్తే ఏ సర్టిఫికెట్టూ లేని మనిషి. తండ్రి ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి, ‘నది మజ్జన నిలబడితే ఏమిస్తారు సారూ?’ అని అడిగాడు. మీ తమ్ముణ్ణి అడిగి చెప్పండి.

డబ్బుల సంగతి క్లుప్తంగా ముగిస్తాను, ఎక్కువ లేదు గనక. దేశంలో సంచార జాతుల వాళ్ళు, ఆ నేరస్థ ముద్ర నుంచి బయటపడ్డ విముక్త జాతుల వాళ్ళు కలిపి పది కోట్ల పైచిలుకు ఉంటారని 2008లో రెంకే కమిషన్ అంచనా కట్టింది. 2022లో కేంద్రం వాళ్ళ కోసం ‘సీడ్’ అని ఒక పథకం పెట్టింది. చదువు, వైద్యం, ఇల్లు, ఉపాధి అన్నీ కలిపి అయిదేళ్ళకి 200 కోట్లు. మా నాలుగో తరగతి పిల్లలకి భాగహారం లెక్కగా ఇచ్చాను. తలకి ఏడాదికి నాలుగు రూపాయలొచ్చింది. నాలుగు రూపాయలకి గంగిరెద్దు కూడా తల ఊపదు.

అసలు ‘శాశ్వత’ అనే మాట మీరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో! మా బావమరిది డాలస్‌లో ఉండబట్టి పద్దెనిమిదేళ్ళు. మధ్యలో నాలుగు ఊళ్ళు మారాడు. పిల్లని ఏడాది మధ్యలో కొత్త బళ్ళో వేస్తే ‘ఎక్స్‌పోజర్’ అన్నాడు. అయినా వాడి శాశ్వత చిరునామా కోడుమూరే. మీరు ఏనాడూ కిమ్మనలేదు.

మీకన్నా ముందు మా ఇంటి చిరునామా ఎవరి దగ్గరుండేదో చెప్పనా? నా చిన్నప్పుడు జొన్నలు ఇంటికొచ్చే రోజుల్లో పిచ్చుకగుంట్ల ఆయన ఒకాయన వచ్చేవాడు. తర్వాత సర్కారు వాళ్ళకి వంశరాజ్ అని గౌరవంగా పేరు పెట్టింది లెండి. అరుగు మీద కూర్చుని మా గోత్రం, మా ఇంటిపేరు ఏ ఊరి నుంచి వచ్చింది, ఏ కరువులో ఎవరు వలస పోయారు, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. మా నాన్న నోరు తెరుచుకుని వినేవాడు. మా అమ్మ చేటెడు జొన్నలు పోసేది. ఆయన ఏ ఊరు పోతాడో, ఆయన వెనకున్న పిల్లవాడు ఏ బడికి పోతాడో మేం ఒక్కసారీ అడగలేదు. ఈ ఉత్తరంలో మిమ్మల్ని తిడుతున్నానని నన్ను గొప్పవాణ్ణి అనుకునేరు, అందుకని రాస్తున్నాను.

ఇప్పుడు నేరం ఒప్పుకుంటాను. ఆ రోజు సాయంత్రం దాకా మీతో కుస్తీపట్టి, విసుగొచ్చి, మీలో మా ఇంటి డోర్ నంబర్ కొట్టాను. నెక్స్ట్ బటన్ పచ్చగా నవ్వింది. పిల్ల మూడో తరగతిలో కూర్చుంది. పరీక్ష పెట్టి ‘చదవడం: రాదు’ అని రాయాల్సి వచ్చింది. అదే పిల్ల శనివారం మధ్యాహ్నం బాలనాగమ్మ కథ అందుకుంటే, ఇంటి గంట కొట్టినా క్లాసులో ఒక్కడూ లేవలేదు. దానికి మార్కులెయ్యడానికి గడి లేదు. డిసెంబరు నాటికి గుణింతాలు వచ్చేశాయి. ఒత్తుల దగ్గర మాత్రం పళ్ళు కొరికేది.

సంక్రాంతి సెలవుల తర్వాత బడికొచ్చి చూస్తే గట్టు ఖాళీ. బూడిద, మూడు రాళ్ళు, ఒక విరిగిన దువ్వెన. నెల తిరిగేసరికి పోర్టల్‌లో ఆ పిల్ల, బడికి రాని పిల్లల పేర్లు చేరే ‘డ్రాప్ బాక్స్’లో పడింది. నిజంగానే ఆ పెట్టె పేరు అదే. వెంటనే ఫోను: పిల్ల శాశ్వత చిరునామాకి స్వయంగా వెళ్ళి, విచారించి, ఫోటో తీసి అప్‌లోడ్ చేయాలి.

వెళ్ళాను. మా ఇంటికే. బయట నిలబడి, లొకేషన్ ఆన్ చేసి, మా తలుపు ఫోటో తీశాను. మా ఆవిడ చేతిలో గరిటెతో బయటికొచ్చి, ‘ఏమైంది మీకు?’ అంది. ‘ఈ ఇంట్లో తొమ్మిదేళ్ళ పాప ఉందా?’ అని అడిగాను, రూలు ప్రకారం. ఆవిడ చూసిన చూపు రిపోర్టులో రాయడానికి వీల్లేదు. ‘విచారించగా పిల్ల ఇంటివద్ద లేదు’ అని రాశాను. ఫోటోలో వెనక నా చొక్కా ఆరేసి ఉంది. మీరు దాన్ని కూడా ఒప్పుకున్నారు.

మొన్న రాత్రి తండ్రి ఫోన్ చేసి పిల్లకిచ్చాడు. ‘సారూ, ఈడ బడి గోడ మీద రాసింది చదివినా’ అంది. ఏం రాసుందంటే, ‘మం-డ-ల ప-రి...’ దాకా వచ్చి, ‘ష’ కింద ఒత్తు లేదు కదా అని సందేహపడి, ‘పరిషత్’ అనేసింది. లోపలికి వెళ్ళావా అన్నాను. ‘పోయినా. సారు కంప్యూటర్ తీసినాడు. మళ్ళ అదే కోపం.’

కాబట్టి తమరిని కోరేది ఒక్కటే. ఆ ఎర్ర చుక్క తుడుచుకుని, ‘దోవలో’ అన్న మాటకి కాస్త చోటివ్వండి. అంతవరకూ అవతలి బడి పంతులుగారికి నా డోర్ నంబరే వాట్సాప్ చేశాను. ఆయన మళ్ళీ విచారణ కోసం మా ఇంటికి వస్తే కాఫీ ఇమ్మని మా ఆవిడకి చెప్పి పెట్టాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక పంతులు
శాశ్వత చిరునామా: ఇక్కడే (వచ్చే బదిలీల దాకా)